మధ్యాహ్నం తర్వాత నీళ్లు

మే 18, ఆదివారం

రెండు నెలలు. అన్న ఆటోల మూడుసార్లు చెప్పిండు. "రెండు నెలలేనే స్వరూపా, గోడలు లేసినంక నేనే వచ్చి తీస్కపోత." నాలుగోసారి ఆయన నోరు తెరవంగనే నేనన్న, "నేనేమన్న చెవిటిదాన్నా? కాళ్లే కదా పనిచెయ్యనియి." ఆటో ఆయన నవ్విండు. అన్న నవ్వలే.

లాల్‌దర్వాజాల మా ఇంట్ల నలభై మూడేండ్లు ఉన్న. రెండేండ్లప్పుడు పోలియో వచ్చినకాడికెళ్లి అదే ముందర అర్ర, అదే కిటికీ, అదే మంచం. ఇప్పుడు ఎనక దిక్కు కూలగొట్టి కొత్తగ కడ్తున్నరు. దుమ్ముల నేనుండలేనట. గందుకని తెచ్చి హుస్సేనీ ఆలంల ఈ ఇంట్ల పడేసిండు. వికలాంగుల ఆడోళ్ల సంఘం కిరాయికి తీసుకున్న ఇల్లట. "ఆశ్రమం కాదమ్మా, ఇల్లు" అని సంఘమామె నొక్కి నొక్కి చెప్పింది. ఇల్లయితే తాళంచెవి ఎవరి దగ్గరుంటది అని అడిగిన, ఆమె నోరు మూయిద్దామని. తీసి నా చేతుల పెట్టింది. ముగ్గురికి మూడు చెవులున్నయట.

ఇంక ఇద్దరెవరంటే, రమాబాయి. అరవై దాటినయ్, కండ్లు కనిపియ్యవు, సర్కారు ఆఫీసుల టెలిఫోన్ ఆపరేటర్ చేసి రిటైరయింది. తర్వాత సాయిప్రియ. ఇరవై నాలుగేండ్ల పిల్ల, బుద్ధి జర నెమ్మది, నోరు మాత్రం ఆగది. పగలంత పుష్పమ్మ ఉంటది, సాయం చేసేటందుకు. మూడో మంచం నాది.

ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కొక్క పనట. సాయిప్రియ పని నీళ్ల సీసాలు నింపుడు, పొద్దుగాల ఒకసారి, నాలుగింటికి ఒకసారి. రమాబాయిది ఎర్ర సీసా, తనది పసుపుది. నాకు ఆకుపచ్చది తెచ్చి మంచం పక్కన పెట్టింది. నాలుగింటికి వచ్చి ఎత్తి చూసి, "తాగలేదేందక్కా?" అన్నది. నా ఇష్టం అన్న.

నేను చుట్టాన్ని. నాకు పని చెప్తే ఊకోను.

మే 19

సీసా నిండుగనే ఉన్నది. ఆ పిల్ల మొఖం చూడాలె, నేనేదో దాని సొమ్ము తిన్నట్టు.

మే 22, గురువారం

పుష్పమ్మతోని పెద్ద లొల్లి. బాత్రూంకు పోవాలె, ఎత్తుమన్న. "ఎత్తుడెందుకమ్మా, గడప లేదు. కుర్చీ సీదా లోపలికి పోతది. రాడ్ పట్టుకొని జరుగు, నేను పక్కకుంట" అన్నది. పక్కకుంటదట! మరి జీతం దేనికి?

మా ఇంట్ల అమ్మ ఉన్నన్ని దినాలు అమ్మ ఎత్తింది. అమ్మ పోయినంక మూడేండ్లసంది వదిన ఎత్తుతున్నది. పొద్దుగాల ఆరింటికి ఒకసారి, మళ్ల రాత్రి ఎనిమిదింటికి ఒకసారి. బాత్రూం ఎనక వాకిట్ల, రెండు మెట్లు దిగాలె. ఒక్కనాడు కూడ "నువ్వే జరుగు" అనలే కమల వదిన. అయినోళ్లంటే గట్లుంటరు.

అన్నకు ఫోన్ చేసిన. ఎత్తలే. మేస్త్రితోని ఉన్నడేమో.

నలభై నిమిషాలు పట్టింది. రాడ్ పట్టుకొని, చెమటలు కారంగ, పుష్పమ్మను నోటికొచ్చినట్టు తిట్టుకుంట జరిగిన. ఆమె పక్కనే నిలబడి "ఆ, గట్లనే, ఇంక జర" అనుకుంట ఉన్నది, తిట్లు ఇంకెవరికో పడ్తున్నట్టు. నేను కూసున్నంక "బయటుంట, తలుపు పెట్టుకో" అని పోయింది. చెయ్యి చాపితే గొళ్లెం అందుతున్నది.

తలుపు నేనే పెట్టుకున్న. పుట్టినకాడికెళ్లి మొదటిసారి.

కండ్లల్ల నీళ్లు సబ్బు పడి వచ్చినయ్.

మే 31, శనివారం

అన్న ఫోన్. గోడలు లేస్తున్నయట. "బాత్రూం నీకోసమే మంచిగ కట్టిస్తున్ననే. టైల్స్ ఏ రంగు ఏపియ్యాలె?" నీలం అన్న. లేత నీలం. రమాబాయికి చెప్పిన, సాయిప్రియకు చెప్పిన, పుష్పమ్మకు రెండుసార్లు చెప్పిన. మా అన్న రామలింగం నాకోసం కట్టిస్తున్నడు. మీకెవరన్న కట్టిచ్చిండ్రా?

"దర్వాజ ఎంత ఎడల్పు పెడ్తున్నరు?" అన్నది రమాబాయి. కండ్లు లేనిదానికి దర్వాజతోని ఏం పని? జలన్, ఓర్వలేనితనం, ఇంకేం లేదు.

జూన్ 8, ఆదివారం

తోటకూరకు బజారుకు పోయినం. రమాబాయి కుర్చీ తోస్తది, నేను దారి చెప్త. "ఎడమకు. గుంత. ఆగు, బండొస్తున్నది." గల్లీల మమ్మల్ని వీడియో తీసిండు ఒకడు. "మంచిగ తియ్యిరా, మీ అమ్మకు చూపియ్యి" అన్న. ఫోన్ జేబుల పెట్టుకున్నడు.

గుడికెళ్లి వస్తున్న ఒకామె నా ఒళ్లె రెండు అరటిపండ్లు పెట్టి, చెయ్యి కండ్లకు అద్దుకొని పోయింది. పేరు అడగలే, మొఖం చూడలే. నేనేమన్న హుండీనా? "ఓ అమ్మా, తీస్కపో నీ పండ్లు!" అని ఒర్లిన. వినలే. "క్యా హువా?" అన్నది రమాబాయి. చెప్పిన. "ఎన్ని పెట్టింది?" "రెండు." "అరె, సాయిప్రియకు లేకపాయె. వాపస్ పిలువు, ఇంకోటి అడుగుదాం."

నడి బజార్ల నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఇంటికొచ్చినంక మళ్ల కోపమే. ఆ పండ్లు నేను తినలే, వాళ్లను తిననియ్యలే.

మా ఇంటికి ఆనుకొని ఉన్న అన్న దుకాణానికి పూజ సామానుకు వచ్చేటోళ్లు కూడ కిటికీలకెళ్లి నన్ను గట్లనే చూస్తుండె. "మా చెల్లెను చూసుకునుడే మాకు పుణ్యం" అనేటోడు అన్న వాళ్లతోని. అప్పుడు మంచిగనిపిస్తుండె. ఇప్పుడు ఎందుకు యాదికొచ్చిందో తెల్వది.

ఎండకు అర సీసా తాగిన. ఎండకే.

జూన్ 11

మధ్యాహ్నం మూడింటికి బాత్రూంకు పోయిన. ఒక్కదాన్నే.

జూన్ 12

మళ్ల పోయిన.

జూన్ 13

సాయిప్రియ ఖాళీ సీసా ఎత్తి పట్టుకొని ఇల్లంత తిరిగింది, నేనేదో పరీక్ష పాసయినట్టు. సిగ్గు తీసింది పోరి.

జూన్ 29, ఆదివారం

వదిన వచ్చింది. ఇల్లంత చూసింది. "మంచిగనే ఉన్నది గానీ, ఎవరెవరో ఉంటరు" అన్నది. ఆ ఎవరెవరే చాయ్ పెట్టి ఇచ్చిండ్రు ఆమెకు. తాగింది.

మాటల మాట, "ఈ నెలంత నడుంనొప్పి లేదు స్వరూపా, గోలీలు బంద్ పెట్టిన" అన్నది. అని, కుక్కర్ కొత్తది కొన్న ముచ్చట చెప్పుకుంట పోయింది. ఏమన్నదో ఆమెకు తెలిసినట్టు లేదు. నేనేమన్న బియ్యం బస్తానా? మూడేండ్లు నడుంనొప్పి ఉన్నదని నోరు తెరిచి చెప్పిందా నాకు? చెప్తే నేనేం చేస్తుంటి? ఏం చేస్తుంటి, అది కూడ తెల్వది. ఎవరి మీద కోపమో తెల్వక పుష్పమ్మ మీద ఒర్లిన.

పోయేటప్పుడు "బోనాలకు వచ్చెయ్, అప్పటికి పనంత అయిపోతది. ఇంటి నిండ చుట్టాలుంటరు, నువ్వు లేకుంటే అడుగుతరు" అన్నది.

వస్త అన్న. రాక? అది నా ఇల్లు.

ఈ ఎండాకాలం జ్వరం రాలే. ప్రతి ఏడు మూత్రం మంట, జ్వరం, సూదులు. డాక్టరమ్మ నీళ్లు బాగ తాగాలె అంటే తల ఊపేదాన్ని.

జూలై 6, ఆదివారం

సంఘమామెకు రాసిచ్చిన, ఇరవయ్యో తారీఖు ఇంటికి పోతున్న అని. దబీర్‌పురాల ఒక పిల్ల మాన్య అని, ఆర్నెల్లసంది మంచం కోసం చూస్తున్నదట. ఆగస్టు ఒకటికి ఆమె వస్తది. "మంచిగ ఆలోచించినవా? పోతే మళ్ల దొరుకుడు కష్టం" అన్నది రమాబాయి. నాకు మళ్ల ఏం అవసరం అన్న. నీలం టైల్స్, గీజరు, కుర్చీ లెక్క కూసునే కమోడు. అన్న ఫోటో పంపిండు. టైల్స్ మెరుస్తున్నయ్. ఫోటోల నేల కనిపియ్యది.

సాయిప్రియ నాతోని మాట్లాడుతలేదు. సీసా మాత్రం టైముకు పెట్టిపోతున్నది, ఠప్పుమని.

నాకు మస్తు ఖుషీగ ఉన్నది.

జూలై 19

ఖుషీగనే ఉన్నది.

జూలై 21, సోమవారం, పొద్దుగాల

నిన్నటిది రాయాలె.

రోడ్లు బంద్ పెట్టకముందే ఏడింటికి అన్న ఆటోల తీస్కపోయిండు. ఇంటి నిండ చుట్టాలు. వదిన ఒక్కపొద్దు ఉండి బోనం తయారు చేస్తున్నది. కుండకు పసుపు, ఏపాకులు, పైన దీపం. గల్లీల డప్పులు అప్పుడే మొదలైనయ్. ఆ చప్పుడు వింటే నాకు గుండె నిండుతది, అబద్ధమెందుకు చెప్పాలె.

అన్న అందరిని ఎనక దిక్కుకు పిలిచిండు. "మా చెల్లె కోసం కట్టించిన" అని బాత్రూం తలుపు తెరిచిండు. నీలం టైల్స్. బుచ్చయ్య చిన్నాయిన "అబ్బ, ఫైవ్ స్టార్ హోటల్ లెక్కున్నది" అన్నడు. అందరు అన్నను మెచ్చుకున్నరు, అన్న కండ్లు తుడుచుకున్నడు.

నేను కుర్చీ ముందుకు జరిపిన. ఠక్కుమని ఆగింది.

మెట్టు. చీరలకు ఫాల్స్ కుట్టే నా సంచి ఎప్పుడు నా ఒళ్లెనే ఉంటది. టేపు తీసి కొలిచిన, అందరి ముందర. మెట్టు తొమ్మిది అంగుళాలు. దర్వాజ ఇరవై రెండు. నా కుర్చీ ఇరవై అయిదు.

"పైపుకు వాటం రావాలని మేస్త్రి లేపిండే" అన్నడు అన్న. "గదేముంది, ఎత్తుకుంటం గద."

"ఎవరు?"

"మేం లేమా?"

వదిన కుండకు పసుపు పూస్తనే ఉన్నది. తల ఎత్తలే.

అప్పటికి నేను ఏమనలే. నిజంగ. పండుగ పూట లొల్లి ఎందుకని నోరు మూసుకున్న. ముందర అర్రల కిటికీ కాడ కూసున్న. నీళ్లు ముట్టలే. ఎవరో షర్బత్ ఇస్తే వద్దన్న, మజ్జిగ ఇస్తే వద్దన్న. ఎవరూ నేర్పియ్యనక్కర లేదు, ఆ కిటికీ కాడ కూసుంటే నోరు అదే మూసుకుంటది. మూడింటికి గొంతు ఎండిపోయింది. మూడింటికి ఒంటికి పోవుడు అలవాటయిన పాణం, ఆ టైముకు కడుపుల ఉన్న ఆ కొంచెమే పొడుస్తున్నది. వదిన బోనమెత్తుకొని గుడికి పోయింది. ఇంట్ల మిగిలినోళ్లు మొగోళ్లు, ముసలోళ్లు.

బుచ్చయ్య చిన్నాయిన నన్నే చూస్తున్నడు. "పొద్దుటిసంది మంచినీళ్లు కూడ ముట్టలే బిడ్డ. నడవరాకున్న ఒక్కపొద్దు ఇడువలే. ఏం భక్తిరా రామలింగం మీ చెల్లెది!"

అన్న ఏమన్నడంటే, నేను ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తున్న: "చిన్నప్పటిసంది అంతే చిన్నాయినా. ప్రతి బోనాలకు ఒక్కపొద్దే. ఇంట్ల ఏ ఫంక్షనయిన మంచినీళ్లు ముట్టది. మా ఇంటికి ఆ తల్లి దయ ఉన్నదంటే ఈమె పుణ్యమే."

నలభై ఏండ్లు. నలభై ఏండ్లు వాళ్లు గట్ల అనుకున్నరు!

"ఒక్కపొద్దు కాదు" అన్న. కుర్చీ అన్న దిక్కు తిప్పిన. "ఒంటికి పోవాలంటే ఎత్తేటోళ్లు ఉండరని నీళ్లు తాగ. పండుగ కాదు, రోజూ తాగ. మధ్యాహ్నమయినంక చుక్క ముట్ట. అమ్మ ఉన్నప్పుడు తాగలే, అమ్మ పోయినంక తాగలే. ఏడాదికి రెండుసార్లు జ్వరమొస్తే సూదులేపిచ్చిండ్రు గద, ఎందుకొస్తున్నదని ఎవడన్న అడిగిండా? భక్తట! నాకు ఇప్పుడు పోవాలె. ఫైవ్ స్టార్ కట్టినవ్ గద, తీస్కపో!"

బయట డప్పులు కొడ్తనే ఉన్నరు. చిన్నాయిన చెప్పులేసుకొని బయటకు పోయిండు.

అన్ననే ఎత్తిండు. నలభై ఎనిమిదేండ్ల మనిషి, లుంగీ పైకి మడిచి కట్టుకొని, మొఖం పక్కకు తిప్పి. నేను కండ్లు మూసుకున్న. దాని గురించి ఇంక రాయ.

బయటికొచ్చినంక ఫోన్ తీసి ఇంటికి కొట్టిన. రెండో రింగుకే ఎత్తింది రమాబాయి, డ్యూటీల ఉన్నట్టు, "హలో, చెప్పండి." "నేనే. వస్తున్న" అన్న. "బారికేడ్ల దాక పుష్పమ్మను తీసుకొని వస్త. ఆటో అక్కడే ఆపుత" అన్నది. ఎందుకు, ఏమిటని అడగలే.

ఇంటికి అని రాసిన పైన. చూసుకొని రాయలే. ఉండనియ్.

అన్న కుర్చీ తోసుకుంట మెయిన్ రోడ్డు దాక వచ్చిండు. ఇంత జనం, బోనాలు, పోతరాజు కొరడా ఊపుకుంట ఎదురొస్తున్నడు. జనం మమ్మల్ని చూసి పక్కకు జరిగిండ్రు. "అందరి ముందర ఇజ్జత్ తీసినవ్" అన్నడు ఎనకనుంచి. "నీకోసమే కట్టించిన గదనే."

"నాకోసం రంగు అడిగినవ్. ఎట్ల పోతవని అడగలే."

చానసేపు తోసిండు. గుంత వచ్చిన కాడల్ల ఆగి, ముందర చక్రాలు లేపి, మెల్లగ దించిండు. ఎన్నడు తోయనోడు, రోడ్డు మీద ఇన్ని మెట్లున్నయని అప్పుడే చూసినట్టున్నడు. బారికేడు కాడ ఆగిండు. రమాబాయి పుష్పమ్మ చెయ్యి పట్టుకొని నిలబడ్డది అవతల.

"మెట్టు కొట్టిపిస్త" అన్నడు. "దర్వాజ పెద్దగ చేపిస్త. అప్పుడు వస్తవా?"

"చేపియ్యన్నా. వస్త. రెండు దినాలు చుట్టం లెక్క వస్త, మంచినీళ్లు తాగుత, వాపసు పోత."

అన్న మొఖం చిన్నగయింది. నా కోపం తగ్గలే. కానీ ఆయన చెయ్యి కుర్చీ మీదకెళ్లి తీసేటప్పుడు ఒకసారి పట్టుకున్న.

ఇంటికొచ్చేసరికి ఆకుపచ్చ సీసా నిండుగ ఉన్నది మంచం పక్కన. "నువ్వు లేవు గద అని పుష్పమ్మ వద్దన్నది. నేను నింపిన. నా పని" అన్నది సాయిప్రియ. మొత్తం తాగిన. ఇంకో సీసా అడిగిన.

అదే దినం, మధ్యాహ్నం

మే 31 మళ్ల చదివిన. ఆయన రంగు అడిగిండు, నేను నీలం అన్న. రమాబాయి దర్వాజ ఎడల్పు అడిగితే జలన్ అని రాసిన. టేపు నా ఒళ్లెనే ఉండె. అన్నను ఒక్కణ్ణే ఎట్ల తిట్టాలె? తిడ్త. కానీ నన్ను కూడ తిట్టుకుంట. నేనెన్నడన్న నోరు తెరిచిన్నా?

జూలై 23, బుధవారం

సంఘమామె వచ్చింది. నేను రాసిచ్చిన కాగితం చూపిచ్చింది. మంచం మాన్యకు అయిపోయిందట, ఆ పిల్లకు మాట ఇచ్చినరట, ఇప్పుడు వద్దనుడు ఎట్ల అన్నది. నేను ఒర్లిన. ఇంత పెద్ద పట్నంల మా అసొంటోళ్లకు మూడే మంచాలా? ఒక్క మంచం కోసం నేను ఆ పిల్ల పాణం తియ్యాల్నా, ఆ పిల్ల నా పాణం తియ్యాల్నా? ఆమె కూడ ఒర్లింది, ఇల్లు కిరాయికి ఇచ్చేటోడే దొరకడు, ర్యాంపు ఏస్తమంటే ఓనర్లు ఆశ్రమాలకు ఇయ్యమని మొఖం మీదనే తలుపు ఏస్తరు, నన్నేం చెయ్యమంటవ్ అని. ఇద్దరం మస్తు ఒర్లుకున్నం. ఆమెది నిజమే, కోపం మాత్రం ఇద్దరికి అట్లనే ఉన్నది.

మాన్య నంబరు తీసుకున్న. ఇంకో నెల ఆగుతవా, ఇంకో ఇల్లు చూసే దాక ఆగుతవా అని అడుగుదామనే కొట్టిన. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న, అందుకే కొట్టిన.

చిన్న గొంతు. ఇరవై రెండేండ్లట. బండి గుద్దితే నడుం పడిపోయి రెండేండ్లాయె. వాళ్లిల్లు మొదటి అంతస్తు. "మా అమ్మ మంచిగ చూసుకుంటదక్కా, మాకేం ఫికర్ లేదు" అన్నది. నేను కూడ మే నెలల గిట్లనే మాట్లాడిన.

అడగాలనుకున్నది అడగలే. "మధ్యాహ్నమయినంక నీళ్లు తాగుతవా?" అన్న.

గొంతు ఇంక చిన్నగ చేసింది.

"మీకెట్ల తెలుసక్కా?" అన్నది.

ఫోన్ పెట్టేసిన. తర్వాత సంఘమామెకు చెప్పిన. మాన్య ఒకటో తారీఖు వస్తది. నేనూ ఉంట. ఇక్కడ నేను ఫాల్స్ కుట్టుకునే ముందర అర్రల ఇంకో మంచమేస్తం, నా కుట్టుపని కిటికీ కింద జరుపుకుంట. రమాబాయి "రేడియో నా దగ్గర పెట్టుకుంట, జాగ అయితది" అన్నది. సంఘమామె లెక్క చూసి చెప్త అన్నది. చెప్పు, కానీ మంచం మాత్రం తీసుకరా అన్న.

సాయిప్రియ ఒక్కతీరుగ ఎగురుతున్నది. "కొత్తక్కకు ఏ రంగు సీసా? గులాబీ తేవాల్నా? తెల్లది తేవాల్నా? స్వరూపక్కా, ఏ రంగు?"

"రంగు తర్వాత అడుగుదువు గానీ" అన్న. "ముందుగాల ఈ టేపు పట్టుకొని దర్వాజ కాడ నిలబడు."